నాలుగు వందల పదమూడో గ్రాము

సింగపూర్ సైన్స్ పార్క్‌లోని వజ్రదృష్టి ఆప్టిక్స్ అనే సంస్థ తన నలభై ఒక్కమంది ఉద్యోగుల్లో ఒకరిని ప్రధాన వేటగాడిగా నియమించింది. ఆ సంగతి అక్టోబరు మొదటి సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి అందరికీ ఈమెయిల్‌లో అందింది. నియామకం తాత్కాలికం. నియమితుడి పేరు సుధాకరరావు. వయసు నలభై ఆరు, స్వస్థలం అనకాపల్లి, పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఆయన కోడిగుడ్డు కూడా తినడు.

ఈ దేశంలో మామూలు మనిషి ఇంట్లో తుపాకి ఉండదు. వేట అసలే లేదు. సంస్థ మాత్రం ఆరేళ్లుగా వేట తుపాకుల మీద బిగించే దూరదర్శిని గొట్టాలు తయారు చేసి, తుపాకులున్న దేశాలకు పంపుతోంది. ఆ గొట్టాన్ని స్కోప్ అంటారు. ఇందులో విడ్డూరమేమీ లేదు. మంచు పడని ఊళ్లలో స్వెట్టర్లు కుట్టి పంపడం లేదా? దానికి కావలసిన అనుమతులన్నీ సంస్థ దగ్గర ఫైళ్లలో ఉన్నాయి, ఫైళ్లు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం మానవ వనరుల అధికారిణి సుస్మిత దగ్గర ఉంది.

కొత్త స్కోప్ పేరు ఫెదర్-412. బరువు నాలుగు వందల పన్నెండు గ్రాములు. అంత తేలికైన స్కోప్‌ను ఆ సంస్థ అంతకుముందు చేయలేదు. కొనబోయే విదేశీ కంపెనీ ఒక్క షరతు పెట్టింది. అనుభవజ్ఞుడైన వేటగాడొకరు దాన్ని వాడి, తన తొలి అభిప్రాయాలను ఇరవై నాలుగు గళ్ల ఫారంలో రాసివ్వాలి. ఆ నెల మూడో శుక్రవారం తమ ప్రతినిధి వచ్చి, చూసి, సంతకం చేస్తాడు.

సుస్మిత ఉద్యోగులందరికీ ఒక ప్రశ్నావళి పంపింది. మీరు ఎప్పుడైనా ఏ ప్రాణినైనా వేటాడారా? ముప్పై ఎనిమిదిమంది లేదన్నారు. ఒకరు దోమ అని రాశారు. ఒకరు రెండేళ్లుగా కొనుక్కోవడానికి కాండో ఫ్లాటు వేటాడుతున్నానని రాశారు. సుధాకరరావు ఒక్కడే, కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ పట్టుకున్నానని రాశాడు. అది అబద్ధం కాదు. పట్టుకుని నూనె రాశాడు. కాల్చే వరుసలో ఆయన వంతు వచ్చేసరికి తూటాలు అయిపోయాయి. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

ఆయన ఊరికే ముందుకు రాలేదు. ఈ దేశంలో ఉద్యోగం చేసుకోనిచ్చే ఆయన వర్క్ పాస్ నవంబరు ముప్పైతో ముగుస్తుంది. పొడిగించాలంటే సంస్థ సిఫారసు చేయాలి. సిఫారసు చేయాలంటే ఆయన లేనిదే ఫలానా పని ఆగిపోతుందని చూపాలి. పదకొండేళ్లుగా ఆయన చేస్తున్న పని ఆయన సెలవు పెట్టిన రోజు కూడా ఆగలేదు. కూతురు దీక్షితకు వచ్చే ఏడు మన పదో తరగతి లాంటి 'ఓ-లెవెల్' పరీక్షలు. బిషాన్‌లో అద్దె ఫ్లాట్, తొమ్మిదో అంతస్తు. ఇవన్నీ లెక్కవేసుకుని సుధాకరరావు వేటగాడయ్యాడు.

మొదటి రోజే ఒక సాంకేతిక సమస్య వచ్చింది. స్కోప్‌ను దేనిమీద బిగించాలి?

"సార్, రైఫిల్ కుదరదు సార్" అంది సుస్మిత. "పర్మిట్ స్కోప్ వరకే ఉంది. గొడుగు ఓకేనా?"

"గొడుగా అమ్మా?"

"లాంగ్ హ్యాండిల్‌ది సార్. బటన్‌ది మాత్రం వద్దు. సడన్‌గా తెరుచుకుంటుందని సేఫ్టీ వాళ్లు ఒప్పుకోవట్లేదు."

ఆ విధంగా 'తుపాకికి సమానం: గొడుగు, నల్లది, ఒకటి' అని స్టోర్స్ రిజిస్టర్‌లో నమోదైంది. సుధాకరరావు స్కోప్ బిగించిన గొడుగునూ, తొమ్మిది సంతకాల అనుమతి పత్రాన్నీ తీసుకుని, వారాంతపు అలవాటు శిక్షణ కోసం ఇంటికి బయలుదేరాడు. కెంట్ రిడ్జ్‌లో రైలెక్కి బిషాన్‌లో దిగేదాకా ఎవరూ ఏమీ అడగలేదు. అక్టోబరులో గొడుగు పట్టుకున్నవాడిని ఈ ఊళ్లో ఎవరూ అనుమానించరు.

ఆ వారాంతం దసరా వచ్చింది.

ఆయన భార్య అరుంధతి పదకొండేళ్లుగా ఆ ఫ్లాట్‌లో ఆయుధపూజ చేస్తోంది. ఆయుధాలు లేక లాప్‌టాప్‌కూ, మిక్సీకీ, రైస్ కుక్కర్‌కూ, దీక్షిత కాలిక్యులేటర్‌కూ, రైలు కార్డులు మూడింటికీ బొట్లు పెట్టేది. అమ్మవారు ఏమనుకుంటుందోనని లోపల ఒక దిగులు ఉండేది. ఈసారి ఇంటికి అసలైన ఆయుధంలో ఒక భాగం వచ్చింది. ఆవిడ దాన్ని మధ్యలో పెట్టింది, మిక్సీని పక్కకు జరిపింది. మూత తీసి, తడి పసుపు రెండు చివరలా ఉన్న అద్దాలకు గడపకు రాసినట్టు శ్రద్ధగా రాసింది. ఆరనిచ్చింది. మళ్లీ మూత పెట్టి, మూత మీద కుంకుమ అద్దింది.

"ఏవండీ, దీనిక్కూడా పసుపు రాశాను. మూడు రోజులదాకా తుడవకూడదు" అని వంటింట్లోంచి చెప్పింది.

"ఊఁ" అన్నాడు సుధాకరరావు ఫోన్ చూస్తూ.

ఈ 'ఊఁ' తర్వాతి పరిణామాల్లో ముఖ్యమైనది. పాఠకులు గుర్తుంచుకోగలరు.

ఆదివారం పొద్దున ఆయన వంటింటి తూకంలో స్కోప్‌ను తూచాడు. నాలుగు వందల పదమూడు. మళ్లీ తూచాడు. పదమూడే. ఆ తూకం అర గ్రాము దాటితే గ్రాముగా చూపిస్తుంది. పదకొండో గడిలో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. తర్వాత వరండాలోకి వెళ్లి, మూత తీసి, గొడుగు భుజానికి ఆనించి, జీవితంలో మొదటిసారి వేటగాడి కంటితో ప్రపంచాన్ని చూశాడు.

ప్రపంచం బంగారంగా ఉంది.

ఎదుటి బ్లాకు బంగారం. ఆరేసిన బనియన్లు బంగారం. బిషాన్ పార్కు కాలవలో నీటిపిల్లులు అయిదు, అవీ బంగారం. అంచులు కాస్త అలుక్కుపోయినట్టున్నాయి. అయితే ఖరీదైన వస్తువుల్లో అలా ఉంటుందేమోనని ఆయన అనుకున్నాడు.

దీక్షిత కూడా చూసింది. "నాన్నా, ఇట్స్ జస్ట్ యెల్లో లా" అంది సింగపూర్ యాసలో.

"యెల్లో కాదమ్మా. కోటింగ్."

"వాట్ కోటింగ్? బ్లర్ కూడా ఉంది."

"నీకు చూడ్డం రాదు" అన్నాడు వేటగాడు.

ఏడో గడి: చూసిన జంతువులు. నీటిపిల్లులు అయిదు, అడవికోడి ఒకటి, జాగింగ్ చేస్తున్న అంకుల్ ఒకరు. మూడోదాన్ని కొట్టేశాడు. తొలి అభిప్రాయం అనే గడిలో ఇలా రాశాడు: 'ఈ స్కోప్‌లో చూస్తే లోకం మీద గౌరవం పెరుగుతుంది.'

సోమవారం డైరెక్టర్ కృష్ణప్రసాద్ స్కోప్‌ను కిటికీలోంచి ఓడరేవు వైపు తిప్పి రెండు నిమిషాలు చూశాడు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఎవరితో మాట్లాడినా సభలో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"మిత్రులారా" అన్నాడు గదిలో ఉన్న ముగ్గురితో. "ఆరేళ్లుగా మనం లెన్స్ అమ్మాం. టుడే, ఫర్ ద ఫస్ట్ టైమ్, మనం ఒక విజన్ అమ్మబోతున్నాం. ఈ గోల్డెన్ టోన్ వెనక ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో నాకు తెలుసు."

ఒక్క రాత్రి కూడా లేదని ఆ ముగ్గురికీ తెలుసు. చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి పదకొండుమందితో నిపుణుల సంఘం ఏర్పడింది. మొదటి నిపుణుడు బంగారు కాంతి ఉందన్నాడు. రెండోవాడికి దాంతోపాటు లోతు కనిపించింది. మూడోవాడికి లోతూ, వెచ్చదనమూ కనిపించాయి. ఎనిమిదోవాడు అంచుల మసకను మెచ్చుకున్నాడు. జంతువుకు తప్పించుకునే అవకాశం ఇవ్వడం వేటలో మర్యాద అన్నాడు. పదకొండోవాడు కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చాడు. అందరికంటే ఎక్కువ ఆయనకే కనిపించింది.

ఎక్కువైన గ్రాము మీద ఒక ఉపసంఘం వేశారు. అది రెండు గంటలు కూర్చుని, ఆ గ్రాము లోపం కాదు, స్థానిక ప్రతిభ వల్ల చేరిన అదనపు విలువ అని తేల్చింది. ఆ కోటింగ్ ఎవరు వేశారని కోటింగ్ విభాగాన్ని అడిగారు. వాళ్లు వేయలేదు. వేయలేదంటే బాగుండదు గనక, సుధాకరరావు గారి కాలిబ్రేషన్ మహిమ అన్నారు. కాలిబ్రేషన్ అంటే పరికరాన్ని కొలతకు సరిచేయడమని సుధాకరరావుకు తెలుసు, తను చేయలేదనీ తెలుసు. ఆయన వినయంగా తల వంచుకున్నాడు. సింగపూర్‌లో పదకొండేళ్లలో ఆయనకు బాగా అలవడిన విద్య అది.

మంగళవారం సుస్మిత ఆయన పాస్ పొడిగింపుకు సిఫారసు లేఖ టైపు చేసింది. 'ఈయన లేనిదే ఫెదర్-412 లేదు.' కృష్ణప్రసాద్ సంతకం ఒక్కటే మిగిలింది. విదేశీ ప్రతినిధి చూసి వెళ్లాక శుక్రవారం పెడతానన్నాడు.

బుధవారం నాటికి ఫారంలో చివరి గడి కాక ఒక్కటే ఖాళీగా ఉంది. పంతొమ్మిదోది: సంస్థతో సంబంధం లేని వ్యక్తి అభిప్రాయం. సుధాకరరావు మూడో అంతస్తు బాల్కనీలోకి వెళ్లి సంబంధం లేని వ్యక్తి కోసం చూశాడు. అక్కడ ఒకాయన రెయిలింగ్‌కు రంగు వేస్తూ ఫోన్‌లో తెలుగులో ఎవరినో కోప్పడుతున్నాడు. మేక తాడు గట్టిగా కట్టమంటున్నాడు.

"ఏ ఊరండీ మీది?"

"పార్వతీపురం దగ్గిర బాబూ. మారయ్యంటారు నన్ను." చేతులు తుడుచుకున్నాడు. "మీదెక్కడ?"

"అనకాపల్లి."

"అయితే మనోలే." గొడుగు వైపు చూశాడు. "అదేటి బాబూ, గొడుక్కి గొట్టం కట్టీసినారు?"

సుధాకరరావు వివరించాడు. మారయ్య ఓపిగ్గా విన్నాడు. తర్వాత నవ్వాడు. కొండ దిగి చేలల్లో పడే పందులను తరమడానికి వాళ్ల నాన్న నాటు తుపాకి పట్టుకుని రాత్రుళ్లు మంచె మీద ఉండేవాడు. చిన్నప్పుడు తనూ వెళ్లేవాడు. ఇప్పుడు తుపాకీ లేదు, చేనూ లేదు, పందులు మాత్రం ఉన్నాయట. సంస్థకు నలభై ఒక్కమందిలో దొరకని వేటగాడు ఆ బాల్కనీకి రంగు వేస్తున్నాడన్న సంగతి సుధాకరరావుకు తట్టలేదు. ఆయన పంతొమ్మిదో గడి గురించే ఆలోచిస్తున్నాడు.

నిపుణులందరూ స్కోప్‌లోంచి చూశారు. మారయ్య ముందు స్కోప్‌ను చూశాడు. మూత తీసి, అద్దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టాడు. వేలితో గీసి వాసన చూశాడు.

"పసుపు బాబూ ఇది. పూజ సేసినారేటి?"

సుధాకరరావుకు ఒక ఊఁ గుర్తుకొచ్చింది. ఆయన నోరు తెరిచేలోపు మారయ్య జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, నోటి ఆవిరి పట్టించి, రెండు వైపులా అద్దాలు తుడిచేశాడు. అప్పుడు కంటికి పెట్టుకున్నాడు.

"అబ్బ, ఇదిగో. ఇప్పుడు సూడండి. ఆ రేవులో క్రేను మీదోడు గెడ్డం గోక్కుంతన్నాడు. మంచి సరుకే బాబూ. ఇంత బాగున్నదానికి పసుపెందుకు రాసినారో."

సుధాకరరావు చూశాడు. క్రేను మీద మనిషి గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనిపించాయి. నీలం నీలంగా, తెలుపు తెలుపుగా ఉంది. ఆరేళ్లలో సంస్థ చేసిన వస్తువుల్లో అంత మంచిది మరొకటి లేదు. లోపలికి పరుగెత్తి తూచాడు. నాలుగు వందల పన్నెండు.

గంటలో సంగతి పాకింది. నిపుణుల సంఘం అత్యవసరంగా సమావేశమై, స్కోప్ పాడైపోయిందని ఏకగ్రీవంగా నిర్ధారించింది. రంగు పోయింది. లోతు పోయింది. ఉన్నవి ఉన్నట్టుగా కనిపించడం కొనుగోలుదారు మనోభావాలను దెబ్బతీయవచ్చని ఎనిమిదో నిపుణుడు రాతపూర్వకంగా ఆందోళన తెలిపాడు. పదకొండుమందీ నష్ట నివేదిక మీద సంతకాలు చేశారు. కారకుడి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచారు.

సుధాకరరావు కృష్ణప్రసాద్ గదిలోకి వెళ్లి తలుపు వేసి నిజం చెప్పాడు. దసరా, తడి పసుపు, ఊఁ, గుడ్డ, ఏదీ దాచలేదు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. కృష్ణప్రసాద్ క్యాలెండరు తెరిచాడు.

"శుక్రవారం మీ ఆవిడ ఫ్రీయేనా?" అన్నాడు.

"సార్?"

"మార్నింగ్ పదింటికి. క్లీన్ రూమ్ బుక్ చేయిస్తాను. పసుపు అని మాత్రం ఎవరితో అనకండి రావు గారూ. నేచురల్ వార్మ్ లేయర్ అందాం." నష్ట నివేదిక ఆయన ముందుకు తోశాడు. "పదకొండుమంది సంతకం పెట్టేశారు. ఇప్పుడు స్కోప్ బాగుందంటే వాళ్లు బాగోలేరని అర్థం. కారకుడి పేరు ఒకటి కావాలి. మీదైనా ఉండాలి, అతనిదైనా ఉండాలి." సిఫారసు లేఖను దాని పక్కన పెట్టాడు. రెండు కాగితాలూ ఒకే సైజు.

సుధాకరరావు కలం తీశాడు. మారయ్య ఇంటిపేరు తనకు తెలియదని అప్పుడు గమనించాడు. ఆ మాటే చెప్పి లేచి రావచ్చు. ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి కాదు. రాశాడు.

గురువారం మారయ్యను పిలిచి అడిగారు. "నానే తుడిసినాను" అన్నాడు. "మురికిగుంటే తుడవరేటి?" ఈ ప్రశ్నను దురుసు ప్రవర్తన కింద నమోదు చేశారు. అతన్ని పంపిన కాంట్రాక్టరు మరునాడే అతన్ని తువాస్‌లో ఒక ఓడల యార్డుకు మార్చాడు. వెళ్తూ అతను సుధాకరరావు బల్ల దగ్గర ఆగాడు.

"బాబూ, ఆ గొట్టం ఎండలో పెట్టకండి. మంచి అద్దం" అని చెప్పి వెళ్లిపోయాడు.

శుక్రవారం పదింటికి అరుంధతి పసుపు డబ్బా టిఫిన్ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఆవిడ మెడలో 'సలహాదారు' అని కార్డు వేశారు. దుమ్ము చొరకూడని ఆ క్లీన్ రూమ్ గుమ్మం ముందు ఎవరూ చెప్పకుండా చెప్పులు విప్పింది. చెప్పులు బయట విడవాలన్న నియమాన్ని ఆరేళ్లలో పాటించిన మొదటి వ్యక్తి ఆవిడేనని సుస్మిత రికార్డులో రాసింది. మొదటిసారి రాసినప్పుడు నాలుగు వందల పద్నాలుగు వచ్చింది. "ఎక్కువైంది, పెళ్లికూతురికి రాసినట్టు రాశావు" అన్నాడు భర్త మెల్లగా. "మీరు ఆ రోజు ఊఁ అనకుండా వింటే ఈ గోల ఉండేది కాదు" అంది ఆవిడ అంతకంటే మెల్లగా. చీర చెంగుతో కాస్త తుడిచింది. పదమూడు.

విదేశీ ప్రతినిధి ఓడరేవును చూశాడు. చాలాసేపు చూశాడు. అందరి ముఖాలూ చూశాడు. పన్నెండుమంది ఆనందంగా ఉన్న గదిలో తనొక్కడికే ఏమీ కనిపించలేదని చెప్పడానికి ఆయన ఏడువేల మైళ్లు రాలేదు. "గోల్డెన్" అని సంతకం చేశాడు. కృష్ణప్రసాద్ అదే కలంతో సిఫారసు లేఖ మీద సంతకం చేశాడు. పాస్‌ను మరో రెండేళ్లు పొడిగించారు. సుధాకరరావు ఆ సాయంత్రం ఇరవై నాలుగో గడి, అంటే లోపాల గడి, పూర్తి చేశాడు: 'లేవు. అనధికార వ్యక్తుల చేత తుడిపించరాదు.'

ఇప్పుడు అరుంధతి చేతి కింద తొమ్మిదిమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. దూరాన ఉన్న బెడోక్ నుంచి కూడా ఇద్దరు వస్తారు. నెలకు నాలుగు వందల స్కోపులకు వార్మ్ లేయర్ వేస్తారు. మంగళవారం, అమావాస్య సెలవు. కోటింగ్ విభాగాన్ని మూసేశారు.

పదకొండు నెలల తర్వాత ఎక్కడో చలిదేశం నుంచి ఒక ముసలి వేటగాడు ఉత్తరం రాశాడు. మొదటి రోజు ఏమీ కనిపించలేదట. తిరిగి పంపేద్దామనుకున్నాడట. రెండో రోజు అడవిలో కుండపోత వాన పడింది. గొట్టం మీంచి పసుపు నీళ్లు కారాయి. ఆ తర్వాత చూస్తే కొండ అవతల దుప్పి కనురెప్ప కదలడం కనిపించిందట. యాభై ఏళ్లలో అంత మంచి స్కోప్ చూడలేదని రాశాడు. చివర ఇలా అడిగాడు: 'ఈ అద్దం విలువ ముందుగా తెలుసుకున్నవాడు మీలో ఎవరో ఒకరు ఉండి ఉండాలి. ఆయన పేరు చెబితే కృతజ్ఞతలు చెప్పుకుంటాను.'

జవాబు రాసే పని ప్రధాన వేటగాడిది. ఇప్పుడాయన తాత్కాలికం కాదు. జవాబు ఫారంలో పేరుకు ఒక గడి ఉంది. సుధాకరరావుకు పేరు తెలుసు. కలం పట్టుకుని భోజనం వేళ దాకా కూర్చున్నాడు. ఈ పేరు ఇక్కడ రాస్తే, నష్ట నివేదికలో కారకుడిగా అదే పేరు ఎందుకు రాశావని ఎవరైనా అడుగుతారు. దీక్షిత పరీక్షలు మరుసటి నెల. ఆయన 'వాన' అని రాశాడు.

సంస్థ ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. వాడకందారుల పుస్తకంలో 'వానలో వాడరాదు' అని చేర్చింది. వార్షికోత్సవంలో ఆ ఏటి ఉత్తమ సహకార పురస్కారాన్ని వానకు ప్రకటించింది. వాన తరఫున కృష్ణప్రసాద్ అందుకున్నాడు. "ప్రకృతి మన పార్ట్‌నర్" అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ సమయంలో బయట వాన పడుతోంది. తువాస్ యార్డులో పని ఆపేసి, మారయ్య ఒక ఓడ నీడన నిలబడి ఊరికి ఫోన్ చేసి మేక సంగతి అడుగుతున్నాడు.

సభకు ఊళ్లో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది వచ్చారు. పసుపు సంగతి అందరికీ తెలుసు. తెలిసినవాళ్లే ముందుగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఫొటోకు అద్దపు ఫ్రేము కట్టించి సంస్థ గుమ్మంలో పెట్టారు. మూడో వరుసలో ఎడమ చివర ఉన్నది మీరేనేమో చూసుకోండి. ముఖం బంగారంలా మెరుస్తూ కనిపిస్తే అక్కడితో ఆగండి. అద్దం తుడవకండి.